కౌంటరమ్మ మెచ్చుకోలు

టికెట్లిచ్చే కిటికీకి అద్దం, ఆ అద్దానికి గుండ్రంగా ఒక కంత. డబ్బు లోపలికి పోవాలి, టికెట్టు బయటికి రావాలి, కంత పని అంతవరకే. కాని ఈ హాల్లో టికెట్టు కంటే ముందు ఒక మాట బయటికొచ్చేది. ఆ మాట కోసమే సగం మంది వరసలో నిలబడేవారు.

"ఎలా ఉంది కౌంటరమ్మా, బొమ్మ?"

ఆమెను అందరూ కౌంటరమ్మ అనే పిలిచేవారు. పెళ్ళయిన కొత్తల్లో ఆ కుర్చీలో కూర్చుంది, కూతురు పెళ్ళీడుకొచ్చినా లేవలేదు. కుర్చీ చక్రాల్లో ఒకటి ఊడిపోతే దాని కింద చెక్కముక్క పెట్టుకుంది. కొత్త సినిమా వచ్చిన రోజు మొదటి ఆటకు కౌంటరు మూసేశాక లోపలికెళ్ళి, వెనక గోడకు వీపు ఆనించి నిలబడి చివరిదాకా చూసేది. రెండో ఆటకు వచ్చి కూర్చుని, అడిగినవాడికి అడిగినట్టు చెప్పేది. లేదు, అడగనివాడిక్కూడా చెప్పేది.

"ఏం చెప్పమంటారు నాయనా! హీరో తలుపు ఊడబీకి ఆ తలుపుతోనే రెండొందల మందిని చావగొట్టాడు. తలుపు మాత్రం చెక్కు చెదర్లేదు. ఆ వడ్రంగి ఎవరో కనుక్కోండి, మా ఇంటి తలుపు వర్షానికి ఉబ్బిపోయి పడట్లేదు."

ఇంకో సినిమా గురించి, "మూడు గంటలు కూచోబెట్టి, చివర్లో 'మిగతా కథ రెండో భాగంలో' అన్నాడు. సగం కథకి సగం టికెట్టు తీసుకుంటారా మీరు? తీసుకోరు కదా?" అంది. మరొకదాని గురించైతే, "తల్లి వేషం వేసినమ్మాయి హీరో కంటే చిన్నది. కొడుకు పుట్టాక తను పుట్టిందేమో" అంది. పక్కన పాప్‌కార్న్ యంత్రం దగ్గరుండే ఆడబిడ్డ ఇవన్నీ విని పొట్ట పట్టుకుని నవ్వేది.

మేనేజరుకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకొస్తుంది? ఆయన ఒకరోజు కౌంటరు గదిలోకి వచ్చి, నెత్తీ నోరూ కొట్టుకున్నంత పని చేశాడు.

"మన సరుకుని మనమే తిట్టుకుంటే ఎలాగమ్మా? ఇవాళ్టి నుంచి బొమ్మ గురించి మీరు పెదవి విప్పొద్దు. మీకు దండం పెడతా."

కౌంటరమ్మ పెదవి బిగించింది. కాని మనిషి ముక్కుసూటి మనిషాయె, ఊరుకుంటుందా? నోటితో చెప్పొద్దంటే సీటుతో చెప్పడం మొదలుపెట్టింది. సినిమా బాగుంటే వరస మధ్యలో సీటు. బాగోకపోతే చివరి సీటు, తలుపు పక్కన, ఎప్పుడు లేచి పోయినా ఎవరి మోకాలూ తొక్కక్కర్లేకుండా. మరీ దరిద్రమైతే చివరి వరసలో చివరిది. ఇది ఆమె ఎవరికీ విప్పి చెప్పలేదు, అయినా నెల తిరక్కుండా పాత గిరాకీలందరికీ తెలిసిపోయింది. మందుల షాపాయన టికెట్టు చేతికి రాగానే నెంబరు చూసుకుని, మొహం మాడ్చుకుని, "ఓహో, తలుపు పక్కనా?" అని వెనక్కి తిరిగి ఇంటికి పోయిన రోజులున్నాయి.

ఇలాంటి మనిషి నోరు ఇంట్లో ఎలా ఉండేదో వేరే చెప్పాలా? భర్త లారీ మీద తిరిగే మనిషి, నెలలో సగం రోజులు దొరకడు కాబట్టి బతికిపోయాడు. పడిందంతా కూతురు మీదే. బుల్లి అని ముద్దుపేరు. ముద్దు పేరులోనే ఉండేది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆ పిల్లకు పాటంటే ప్రాణం. చిన్నప్పుడు బడిలో పాడి బహుమతి పట్టుకుని ఎగురుకుంటూ వస్తే, "బానే ఉంది గాని రెండో చరణంలో శ్రుతి తప్పావు" అంది తల్లి, వాకిట్లోనే, చెప్పులైనా విప్పకముందే. అబద్ధం కాదు, శ్రుతి తప్పిన మాట నిజమే. ఆ తర్వాత బుల్లి ఇంట్లో పాడటం మానేసింది.

అసలు గొడవ ఒక పోస్టరుతో మొదలైంది. హాలుకి ఎదురుగోడ మీద పక్కవీధి నాటకాల హాలువాళ్ళు అంటించారు. కౌంటరమ్మ వయసులో ఉండగా వచ్చిన ఒక పాత సినిమాని పాటల నాటకంగా ఆడతారట. పడవ నడిపే ఒక ఆడమనిషి కథ. చెల్లెలు ఏటికి అవతల ఒడ్డుకి వెళ్ళి తిరిగి రాదు, అక్క రోజూ జనాన్ని దాటిస్తూ, దిగే ప్రతి మొహంలో చెల్లెలి కోసం వెతుక్కుంటూ బతుకుతుంది. ఆ సినిమాలో ఒక్క పాట లేదు. పడవామె మాట్లాడేదే బహు తక్కువ. కౌంటరమ్మ జీవితంలో వంక పెట్టని సినిమా ఏదైనా ఉందంటే అదొక్కటే.

"విన్నారా ఈ విడ్డూరం!" అంది మందుల షాపాయనతో, కంతలోంచి వేలు బయటపెట్టి పోస్టరు చూపిస్తూ. "ఆ మహాతల్లి సినిమా అంతా నోరు విప్పదు. ఇప్పుడు పాటలు పాడుతుందట, అదీ డజను పాటలు! ఎవర్తో పాపం, తెడ్డు పట్టుకుని స్టేజీ మీద గొంతు చించుకుంటుంది. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరేమో."

వరసలో వెనక నిలబడున్న వాళ్ళు నవ్వారు. మందుల షాపాయన కూడా నవ్వాడు. కౌంటరమ్మకు ఇంకా ఊపొచ్చింది, ఇంకో నాలుగు తగిలించింది.

రెండు వారాలకు కొత్త పోస్టరు పడింది. ఈసారి బొమ్మ ఉంది. తెడ్డు పట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని ఒక అమ్మాయి.

"మీ బుల్లి కదండీ అది?" అన్నాడు మందుల షాపాయన.

కౌంటరమ్మ కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని చూసింది. బుల్లే. షాపులో సరుకు లెక్క చూస్తున్నామని రోజూ ఆలస్యంగా వచ్చిన బుల్లే. కౌంటరు అలా వదిలేసి, "ఏయ్, ఒక్క నిమిషం" అని వరసను కసిరి, పాప్‌కార్న్ దగ్గరికి పోయింది.

"నీకు తెలుసా ఇది?"

ఆడబిడ్డ చేతిలో గరిట ఆపింది. "తెలుసు వదినా."

"నీకు తెలుసు, నాకు తెలీదు! కన్నది నేనా నువ్వా?"

"అరవకు. నీకే ముందు చెప్పాలని వచ్చింది ఆ పిల్ల. ఆ రోజు, వేషం దొరికిందని తెలియగానే షాపు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. నువ్వు పనిలో ఉన్నావని వరసలో నిలబడింది. నీ నోరు అప్పుడు పోస్టరు మీద ఉంది."

కౌంటరమ్మ వెనక్కి తిరిగి వరస వంక చూసింది.

"ఇంట్లో చెప్పేవాళ్ళు లేరేమో అన్నావు చూడు, అక్కడిదాకా విని వెనక్కి తిరిగింది. నా దగ్గరికొచ్చి ఏడ్చింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని, నోరు జారితే ఎలా తీసుకుంటావు వదినా?"

ఆ రోజు సాయంత్రం టికెట్లు ఎవరికి ఏవి ఇచ్చిందో ఆమెకే తెలీదు. ఇంటికి వచ్చి కూతురి కోసం వంటింట్లో కూర్చుంది. బుల్లి వచ్చి చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి, "పోస్టరు చూశాను" అంది.

"ఊఁ."

"తెలీక అన్నానే."

"తెలీక అన్నావు కాబట్టే అది నిజం. తెలిస్తే ఏదో ఒకటి సర్ది చెప్పేదానివి." బుల్లి కొళాయి కట్టేసింది, తల్లి వైపు తిరగలేదు. "నాకు కోపం లేదమ్మా. కాని నువ్వు రావద్దు. నాన్నకిచ్చాను, అత్తకిచ్చాను. నువ్వు హాల్లో కూచున్నావని తెలిస్తే నాకు గొంతు పైకి రాదు. నీ మొహం చూస్తే చాలు, ఎక్కడ తప్పానో తెలిసిపోతుంది."

ఊళ్ళో అందరికీ టికెట్లిచ్చే మనిషికి కన్నకూతురి నాటకానికి టికెట్టు లేదు. కొనుక్కుని పోవచ్చుగా అంటారా? ఆడబిడ్డ అదే అంది. "కొనుక్కుని పోయి ఏ మూలో దొంగలా కూచోవడానికి నేనెవర్ని, పరాయిదాన్నా?" అని ఆమె మీద విరుచుకుపడింది. అది పిలవాలి. నోరారా, రా అమ్మా అనాలి. ఆ పిలుపు లేకపోతే చూసీ చూడనట్టే. కోపం పోస్టరు మీద చూపించింది, నాటకాల హాలు మీద చూపించింది, ఇంట్లో గిన్నెల మీద చూపించింది. తన మీద తనకున్న కోపం మాత్రం ఎటు పారెయ్యాలో తెలియలేదు.

చివరికి ఆడబిడ్డే దారి చెప్పింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. మెచ్చుకోవడం నేర్చుకో వదినా. నీకు అలవాటు లేదు, అంతే. వచ్చే గిరాకీల మీద అలవాటు చేసుకో. నువ్వు మారావని పిల్లకి తెలిస్తే అదే పిలుస్తుంది."

"ఏం మెచ్చుకోను? వచ్చేవన్నీ చెత్తేగా!"

"చెత్తనే మెచ్చుకో. మంచిదాన్ని మెచ్చుకోవడానికి అలవాటెందుకు?"

అలా మొదలైంది. ఆ వారం వచ్చింది దెయ్యం సినిమా. ఆ దెయ్యం భయపెట్టదు, తన చిన్నతనం గురించి గంటసేపు చెప్పుకుంటుంది. తల్లి సరిగా చూసుకోలేదట, అందుకని దెయ్యమైందట. మొదటి ఆట చూసి వచ్చిన కౌంటరమ్మకు నాలుక దురద పెట్టింది. కాని మందుల షాపాయన "ఎలా ఉంది?" అనగానే, మింగలేక కక్కలేక, "బాగుంది" అంది.

"ఏంటీ?" అన్నాడాయన.

"బాగుంది. చాలా బాగుంది. చూడండి, చూడండి" అని వరస నడిబొడ్డున సీటిచ్చింది.

నడిబొడ్డు సీటంటే ఆ హాల్లో మాటలా! ఆయన ఇంటికి ఫోన్ చేసి భార్యనీ అత్తగారినీ కూడా పిలిపించాడు. వెనకవాళ్ళు అది చూసి వాళ్ళూ మధ్య సీట్లే అడిగారు. హాలు నిండింది. ఆట మొదలైన గంటకు జనం లేవాలని చూశారు, కాని ఎటు లేస్తారు? అటు పది మోకాళ్ళు, ఇటు పది మోకాళ్ళు. కుక్కిన పేనుల్లా చివరిదాకా కూర్చున్నారు. మందుల షాపాయన అత్తగారిని పట్టుకుని నడిపించుకుంటూ వచ్చి కంత దగ్గర ఆగాడు.

"నేను నీకేం ద్రోహం చేశాను కౌంటరమ్మా? దగ్గు మందు అప్పుకి అడిగినా ఇచ్చానే!"

కౌంటరమ్మ తల దించుకుంది. ఏం చెబుతుంది, కూతురి కోసం అబద్ధం అలవాటు చేసుకుంటున్నానని చెబుతుందా? తర్వాతి వారం ఇంకోటి వచ్చింది. చీకట్లో తీసిన సినిమా, ఎవరు ఎవర్ని పొడిచారో తీసినవాడికైనా తెలుసో లేదో. దానికీ "బాగుంది" అంది. ఇంకో వారం ఇంకోటి. చెప్పగా చెప్పగా ఆ మాట నోట్లో సాఫీగా తిరగడం మొదలెట్టింది. మేనేజరు ఆనందానికి అంతు లేదు, కుర్చీకి కొత్త చక్రం కూడా వేయించాడు. జనం మాత్రం అడగడం మానేశారు. కంతలోంచి ఇప్పుడు టికెట్టే వచ్చేది.

ఆదివారం నాటకమనగా శుక్రవారం పొద్దున, బుల్లి టిఫిను డబ్బా మూత పెడుతూ అంది.

"అత్త చెప్పింది. నువ్వు ఈమధ్య అన్నిటినీ మెచ్చుకుంటున్నావట."

"మనిషన్నాక మారదా?"

బుల్లి బ్యాగులోంచి ఒక టికెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే రా అమ్మా. కాని మొహం మామూలుగా పెట్టుకో."

కౌంటరమ్మ ఆ టికెట్టుని ఎన్నిసార్లు తీసి చూసుకుందో! పొద్దస్తమానం టికెట్లు తెంపి ఇచ్చే మనిషి, జీవితంలో మొదటిసారి టికెట్టు చూసినట్టు చూసుకుంది. ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ చీర కట్టుకుని, భర్త లారీ మీదుండి రాలేకపోతే ఆడబిడ్డ పక్కన కూర్చుని, చేతులు ఒళ్ళో గట్టిగా పెట్టుకుని, మొహం మామూలుగా ఉంచడానికి నానా తంటాలూ పడింది. తెర లేవగానే వంకలు వాటంతటవే కనపడ్డాయి. నది అని నీలం గుడ్డ పరిచారు, దానికి ముడతలు. పడవ కింద చక్రం కిర్రుమంటోంది. దాటేవాళ్ళలో ఒకడు బూట్లు విప్పడం మరిచిపోయాడు. ఇవన్నీ మింగింది.

అప్పుడు బుల్లి పాడింది. మొదటి పాట జనాన్ని పడవెక్కించే పాట. బాగానే ఉంది, హుషారుగా ఉంది. రెండోది, చెల్లెలు వెళ్ళిపోయిన మర్నాడు. "ఈసారి పడవలో..." అని ఎత్తుకుని, అక్కడ ఆగింది. వాయిద్యాలు ఆగాయి. బుల్లి తెడ్డు మీద చెయ్యి వేసి, దిగుతున్న ఒక్కొక్కరి మొహం వంకా చూస్తూ నిలబడింది. ఏమీ పాడలేదు, ఏమీ అనలేదు. హాల్లో పంకాలు తిరుగుతున్న చప్పుడు వినపడింది. చివరి మనిషి కూడా దిగిపోయాక, చాలా మెల్లిగా, "ఎవరూ లేరు" అని పాట పూర్తి చేసింది.

కౌంటరమ్మ సీట్లో ముందుకు వంగింది. డజను పాటలు పెట్టి ఆ సినిమాని నాశనం చేస్తారనుకుంది. ఆ సినిమా మొత్తం అక్కడ, ఆ ఆగిన చోట ఉంది. పడవామె నోరు విప్పకపోవడం అంతా ఆ పిల్ల ఆ ఒక్కచోట పెట్టింది. ఎవరు నేర్పారు దీనికి? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మొహం మామూలుగా పెట్టుకోవాలన్న సంగతే గుర్తు లేదు.

నాటకం అయ్యాక వెనక గదికి వెళ్ళింది. ఇరుకు గది, అద్దాల ముందు దీపాలు, కుర్చీల నిండా విప్పేసిన బట్టలు. జనం బుల్లి చుట్టూ మూగి అద్భుతం, అమోఘం అంటున్నారు. బుల్లి అందరికీ నవ్వుతూ తల ఊపుతోంది గాని, కళ్ళు మాత్రం తల్లి మీదున్నాయి. కౌంటరమ్మ వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి కూతురి రెండు చేతులూ పట్టుకుంది.

"బాగుందే. చాలా బాగుంది."

బుల్లి మొహంలో ఏదో ఆరిపోయింది.

"థాంక్సమ్మా."

"అది కాదే, నిజంగా! నిజంగా చెప్తున్నాను, చాలా..."

"దెయ్యం సినిమా కూడా చాలా బాగుందన్నావట. మందుల షాపాయన మా షాపుకి కళ్ళజోడు కోసం వచ్చి చెప్పాడు. పర్లేదులే అమ్మా. నువ్వొచ్చావు, అదే చాలు."

"నా మీద ఒట్టు! ఏడ్చాను కూడా. మీ అత్తనడుగు."

"నాకు తెలుసమ్మా. నన్ను చూసి ఏడ్చుంటావు. కూతుర్ని కాబట్టి." బుల్లి గొంతు తగ్గించింది. "ఇక్కడ అందరూ బాగుందనే అంటున్నారు. దర్శకుడూ అదే అంటాడు. ఎక్కడ బాగాలేదో నువ్వైనా చెప్తావని, ఎంత భయం ఉన్నా, ఒక పక్క అదే అనుకున్నాను. నువ్వు కూడా ఇలా అయిపోయావు."

కౌంటరమ్మకు ఒళ్ళు మండింది. రావద్దంటుంది, రమ్మంటుంది, మెచ్చుకోమంటుంది, మెచ్చుకుంటే నమ్మదు! ఏం చేసి చావాలి మనిషి? కాని ఆ పిల్ల కళ్ళు చూస్తే కోపం నిలవలేదు. ఏదో ఒక వంక చెప్తే తప్ప అది తన మాట నమ్మదు. వంక కోసం వెతికింది. నీలం గుడ్డ, కిర్రుమన్న చక్రం, బూట్లవాడు, ఇవేవీ ఆ క్షణంలో బుర్రలోకి రాలేదు. బుర్రనిండా ఉన్నది ఒక్కటే. అదే నోటికొచ్చింది.

"రెండో పాటలో ఆగావు చూడు, 'ఈసారి పడవలో' అని. ఆ ఆగడం కాస్త ఎక్కువైంది."

అన్నాక నాలుక కరుచుకుంది. కాని బుల్లి మొహం అప్పటికే వెలిగిపోయింది.

"అదే! నాకూ అక్కడే అనుమానంగా ఉండింది! జనం ఊరుకున్నారు గాని, విసుగొచ్చిందేమోనని లోపల దడదడలాడింది నాకు." తల్లి మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ అలా పట్టుకున్నది లేదు. "అమ్మా, రేపు కూడా రా. రేపూ చూసి చెప్పు. ఎల్లుండీ రా. నీకు రోజూ టికెట్టు పెడతాను."

కౌంటరమ్మ ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. రా అమ్మా అని నోరారా పిలిచింది పిల్ల. ఆ చేతుల మధ్య ఆమెకు ఊపిరాడలేదు.

"వద్దే, అది మార్చకు. నేనేదో నోటికొచ్చింది అన్నాను. అలాగే ఆగు. అన్నిటికన్నా అదే బాగుంది, నా మాట విను."

బుల్లి నవ్వేసింది. "చూశావా, మళ్ళీ మొదలెట్టావు! బాధపడతానని సర్దుతున్నావు. నేను బాధపడట్లేదమ్మా."

"సర్దట్లేదే! నేను చెప్పేది..."

బుల్లి వినడం లేదు. గది చివర పెట్టెలో తన వాయిద్యం సర్దుకుంటున్న కీబోర్డాయన వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"అన్నా, రేపటి నుంచి రెండో పాటలో ఆపొద్దు. అలా వాయించుకుంటూ వెళ్ళిపోండి."

"అదేంటి? అదే బాగుందని అందరూ అంటున్నారుగా. ఎవరన్నారు ఆపొద్దని?"

"మా అమ్మ" అంది బుల్లి, తల్లి భుజం మీద చెయ్యి వేసి. "మా అమ్మ ఉన్నదున్నట్టు చెప్తుంది."